ఏటికి ఎన్ని పేర్లు

మా ఇంట్లో వ్రతానికి వచ్చే పంతులుగారు సంకల్పం చెప్పేటప్పుడు లాంగుల్యా తీరం అంటారు. శ్రీకాకుళం వంతెన దగ్గర బోర్డు మీద నాగావళి అని ఉంటుంది. మా అమ్మమ్మ ఈ రెండు మాటలూ ఎప్పుడూ అనగా వినలేదు. ఆవిడకి అది ఏరు. "ఏటికెళ్లొస్తాను" అనేది, బిందె చంకన పెట్టుకుని. ఏటికి వేరే పేరు అవసరమని ఆవిడకి తోచలేదు. ఉన్నది ఒక్కటే ఏరు మరి.

ఒకే నీటికి పంతులుగారి పేరు ఒకటి, ప్రభుత్వం పేరు ఒకటి, అమ్మమ్మ పేరు ఒకటి. ఉత్తరాంధ్రలో ఏ నదిని తీసుకున్నా ఈ తిరకాసు ఎదురవుతుంది. ఈ పేర్ల గురించి పురాణాలు ఒకటి చెప్పాయి, స్థలపురాణాలు మరొకటి చెప్పాయి. 1869లో విశాఖ జిల్లా మాన్యువల్ రాసిన కార్మైకేల్, 1907లో గెజిటీర్ రాసిన ఫ్రాన్సిస్ వంటి దొరలు తమ పద్ధతిలో నమోదు చేసుకున్నారు. భాషావేత్తలు ఇంకో దారి పట్టారు. వీటన్నిటినీ ఒక చోట పెట్టి చూస్తే ఎక్కడ గట్టిగా నిలబడవచ్చో, ఎక్కడ ఇసకలో కాలు దిగబడుతుందో తెలుస్తుంది.

ముందు నేల సంగతి. నాగావళి ఒడిశాలో కలహండి జిల్లా లఖ్‌బహాల్ దగ్గర తువాముల్ రాంపూర్ కొండల్లో పుడుతుంది. మొత్తం నడక సుమారు 256 కిలోమీటర్లు. అందులో 160 దాకా ఒడిశాలోనే అయిపోతుంది. రాయగడ మీదుగా దిగి, పార్వతీపురం మన్యం, విజయనగరం జిల్లాల నేల తడిపి, శ్రీకాకుళం ఊరు దాటి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార పుట్టింది కూడా ఆ కొండల పరిసరాల్లోనే. దాని పొడవు 254 కిలోమీటర్లు, కలిసేది కళింగపట్నం దగ్గర. అంటే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే పుట్టింటి నుంచి బయల్దేరి, వేరు వేరు దారుల్లో దాదాపు అంతే దూరం నడిచి, పాతిక కిలోమీటర్ల ఎడంలో అత్తింట కాలు పెట్టినట్టు. మిగిలినవి చిన్నవి. ఆండ్ర వైపు కొండల్లోంచి వచ్చి కోనాడ దగ్గర కలిసే చంపావతి, బొర్రా గుహల దగ్గర పుట్టి భీమిలిలో కలిసే గోస్తనీ, బారువ దగ్గర కలిసే మహేంద్రతనయ, ఇచ్ఛాపురాన్ని ఒరుసుకుపోయే బాహుదా. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి వీటి వాలు ఎక్కువ, నడక తక్కువ. కొండ మీద వాన పడితే గబుక్కున పొంగుతాయి, ఆగితే అంత గబుక్కునా తీస్తాయి. ఈ గుణాన్ని గుర్తుపెట్టుకోండి, పేర్ల దగ్గర పనికొస్తుంది.

నాగావళి కథ అందరికీ తెలిసిందే. కరువుతో అల్లాడుతున్న జనం బలరాముణ్ణి వేడుకుంటే ఆయన నాగలితో భూమిని చీల్చి ఏరు పారించాడు, ఒడ్డున అయిదు శివలింగాలు నిలబెట్టాడు. రాయగడ దగ్గర పాయకపాడు, కొమరాడ దగ్గర గుంప, వంగర మండలంలో సంగాం, శ్రీకాకుళంలో ఉమారుద్రకోటేశ్వరుడు, చివరికి కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. నాగలితో పుట్టింది గనక సంస్కృతంలో లాంగుల్య, తెలుగులో నాగావళి అని చెప్పుకుంటారు. కథ చక్కగా ఉంది. అయిదు గుళ్ల వరస కూడా భౌగోళికంగా అర్థం ఉన్నదే. గుంప దగ్గర ఝంఝావతి వచ్చి కలుస్తుంది. సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. కళ్లేపల్లి దగ్గర సముద్రం. ఎక్కడ నీరు నీటిలో కలిసిందో అక్కడ మన పెద్దలు గుడి కట్టారు.

అయితే కథకి రెండు చిక్కులున్నాయి. మొదటిది, బలరాముడు నాగలితో నదిని లాగడం భాగవతంలో యమున దగ్గర జరిగిన సంగతి. యమునా తీరం నుంచి ఆ నాగలి నడిచి మన ఊరు వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు, కథలు అలాగే ప్రయాణం చేస్తాయి. రెండో చిక్కు అక్షరంలో ఉంది. సంస్కృతంలో నాగలిని లాంగలం అంటారు. లాంగూలం అంటే తోక. మన నది పేరు లాంగల్య కాదు, లాంగుల్య. మార్కండేయ పురాణం నదుల పట్టికలో ఉన్న పేరు లాంగూలినీ. వ్యాకరణం ప్రకారం చూస్తే అది తోక గల నది అవుతుంది గాని నాగలి నది కాదు. ఇక నాగావళి అన్న పేరుని విడదీస్తే నాగ, ఆవళి. పాముల వరస. మెలికలు తిరిగే ఏటికి పాము పోలిక కుదురుతుంది గాని, మెలికలు తిరగని ఏరు ఎక్కడుంది?

ఇక్కడ భాషావేత్తల మాట వినాలి. నాగలి మన మాట. కన్నడిగులు నేగిలు అంటారు, తమిళులు నాంజిల్ అంటారు. సంస్కృత లాంగలానికీ ఈ మాటలకీ చుట్టరికం ఉందని చాలామంది ఒప్పుకుంటారు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న దగ్గర తగువు. ఫ్రాన్సుకి చెందిన ప్షిలుస్కీ అనే పండితుడు లాంగలం, లాంగూలం, లింగం ఈ మూడూ ఆస్ట్రో ఏషియాటిక్ భాషల ధాతువు నుంచి సంస్కృతంలోకి వచ్చి ఉంటాయని వాదించాడు. తర్వాతి వాళ్లు అందరూ ఒప్పుకోలేదు, ద్రావిడ మూలం చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ మన నది విషయంలో ఈ వాదానికి ఒక చిత్రమైన బలం ఉంది. ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో ముండా శాఖకి చెందిన సవర భాష నాగావళి, వంశధారల మధ్య కొండల్లో ఈనాటికీ బతికే ఉంది. నాగలి, తోక, లింగం అనే మూడు మాటలు ఒకే వేరు నుంచి వచ్చాయని ఒక పండితుడు అంటున్నాడు. ఆ వేరు ఏ కుటుంబానిదో ఆ కుటుంబం వాళ్లు ఏటి పక్క కొండ మీదే ఉన్నారు. ఒడ్డున బలరాముడి నాగలి కథా ఉంది, అయిదు లింగాలూ ఉన్నాయి. ఇది రుజువు కాదని నాకు తెలుసు. కోర్టులో నిలబడదు. నా మటుకు నాకు తోచేది ఇది: ఈ గట్టున జనం నోట నాగలికి దగ్గరగా ఉన్న మాట ముందు ఉండి ఉంటుంది. పురాణకర్త దానికి తోక తగిలించాడు, తర్వాతి పండితుడు పాముల వరస చేశాడు. అర్థం మారినా నాగలి ధ్వని మాత్రం పోలేదు.

సవర మాట వచ్చింది గనక గిడుగు వారిని తలుచుకోకుండా ముందుకు వెళ్లలేం. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా రాష్ట్రమంతా గుర్తుపెట్టుకుంది. పర్లాకిమిడిలో పంతులుద్యోగం చేస్తూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు అచ్చు వేయించిన మనిషిగా మన వాళ్లకే తక్కువ తెలుసు. స్థలనామాల విషయంలోనూ ఆయన చేసింది చిన్నది కాదు. వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని శాసనాలు పట్టుకుని వాదించినవాడు ఆయనే. 1919లో శాలిహుండం బౌద్ధ స్థలాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఆ శాలిహుండం పేరు మీద కూడా రెండు వాదాలున్నాయి. శాలివాటిక, అంటే వరి కొట్టు అని కొందరు. శల్యపేటిక, అంటే అస్థికల పెట్టె అని కొందరు. ధాన్యం పండే డెల్టా ఒడ్డున, అస్థికలు దాచే స్తూపాల కొండ మీద రెండూ అతుకుతాయి.

పురాణాల పట్టికకి మళ్లీ వద్దాం. లాంగూలినీ, వంశకరా ఈ రెండూ మహేంద్ర పర్వతం నుంచి పుట్టాయని మార్కండేయ పురాణం చెబుతుంది. వంశకర మన వంశధారే అన్నది సాధారణంగా ఒప్పుకున్న మాట. ఇప్పుడు పటం ముందు పెట్టుకుని చూడండి. మహేంద్రగిరి ఒడిశాలో గజపతి జిల్లాలో, మన మందస సరిహద్దుకి ఎగువన ఉంది. నాగావళి, వంశధార పుట్టింది అక్కడ కాదు, ఎంతో పడమరగా కలహండి కొండల్లో. పురాణం తప్పు చెప్పిందా? నేనలా అనుకోను. కులపర్వతాల్లో ఒకటిగా చెప్పిన మహేంద్రం ఒక్క శిఖరం కాదు, కళింగ దేశపు కొండల బారు మొత్తం. పేరు ఆనాడు పర్వతశ్రేణిది, కాలం గడిచేకొద్దీ కుంచించుకుని ఒక్క శిఖరానికి మిగిలింది. ఊరి పేరు ఇంటి పేరు అయినట్టు.

మరి ఆ శిఖరం నుంచి నిజంగానే పుట్టిన నది ఏది అంటే మహేంద్రతనయ. మహేంద్రుడి కూతురు. భౌగోళికంగా ఇంత నిజాయితీ గల పేరు ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు. కానీ కూతుళ్లు ఇద్దరు! పర్లాకిమిడి పక్కగా పారి వంశధారలో కలిసేదీ మహేంద్రతనయే, మందస, సోంపేట వైపు దిగి బారువ దగ్గర సముద్రంలో కలిసేదీ మహేంద్రతనయే. కొండకి అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ తమ ఏటికి ఒకే పేరు పెట్టుకున్నారు. ఎవరి పెరట్లోంచి చూసినా ఆ కొండే కనబడుతుంది మరి. పటాలు గీసేవాళ్లకి మాత్రం తలనొప్పి.

వంశధార పేరులోని వంశం వెదురు. వెదురు పొదల్లోంచి పుట్టిన ధార అన్న అర్థమే సూటిగా ఉంది, ఆ ఎగువ కొండల్లో వెదురుకి లోటూ లేదు. ఒడియాలో బంశధార అంటారు. రాజవంశాలకి ముడిపెట్టే వాళ్లని పట్టించుకోనక్కర్లేదు. గాంగ రాజులు ఈ ఒడ్డున ఏలారన్నంత మాత్రాన నీటికి వాళ్ల వంశవృక్షం అంటగట్టడం అతి.

ఇక కొన్ని పేర్లు అచ్చంగా అరువు తెచ్చుకున్నవి. బాహుదా అంటే చేతులిచ్చేది. అన్నగారి ఆశ్రమంలో పండు అడక్కుండా తిన్నందుకు లిఖితుడి చేతులు రాజు నరికిస్తే, బాహుదలో మునగ్గానే తిరిగి మొలిచాయని మహాభారతం శాంతిపర్వంలో కథ. ఆ బాహుద హిమాలయాల నది. ఇచ్ఛాపురం దాకా ఎలా వచ్చిందంటే, బలరాముడి నాగలి వచ్చినట్టే వచ్చింది. కడప వైపు చెయ్యేటికీ ఇదే కథ చెబుతారు. వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి పేరుని తెలుగే చేసేసుకున్నారు. సువర్ణముఖి శ్రీకాళహస్తిలో ఒకటి ఉంది, వేగావతి కంచిలో ఒకటి ఉంది, గోస్తనీ తణుకు ప్రాంతంలో ఒకటి ఉంది. సాలూరు పక్కన పారే మన వేగావతిని ఏప్రిల్‌లో చూసినవాడెవడూ ఆ పేరు పెట్టడు. ఇసక మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఆగస్టులో కొండ మీద వాన పడ్డ మర్నాడు చూసినవాడు మాత్రం వేరే పేరు పెట్టలేడు. పైన చెప్పిన వాలు గుణం అది.

అరువు పేర్లని చిన్నచూపు చూడనక్కర్లేదు. 1983లో మన దేశం అంటార్కిటికాలో తొలి కేంద్రం పెట్టినప్పుడు దానికి దక్షిణ గంగోత్రి అనే పేరు పెట్టుకుంది. అక్కడ ఒక హిమానీనదాన్నీ ఆ పేరుతోనే పిలుస్తారు. మనిషి తెలియని చోటికి వెళ్లినప్పుడు తెలిసిన పవిత్రమైన పేరు మూటగట్టుకుని వెళతాడు. ఇచ్ఛాపురం బాహుదకీ మంచు ఎడారిలోని గంగోత్రికీ మధ్య తేడా ఒకటే, రెండోదానికి తారీఖు ఉంది. తారీఖుతో పాటు మనిషి పేరూ అంటుకున్న చోట్లు కూడా ఉన్నాయి. దక్షిణ హిందూ మహాసముద్రంలో హెర్డ్ అనే దీవి ఉంది. 1853లో దాన్ని చూసిన అమెరికన్ ఓడ కెప్టెన్ పేరే దాని పేరు. ఆ దీవిలో ఒక హిమానీనదం పేరు వాహ్‌సెల్. 1902లో అటు వెళ్లిన జర్మన్ యాత్రలో ఓడ అధికారి ఆయన. అక్కడ నీళ్లు తోడుకునే అమ్మమ్మ ఎవరూ లేదు. కాబట్టి ఏ పేరు పెట్టినా కాదనే నోరు లేదు. మన ఏళ్లకి పేరు పెట్టినవాడి సంతకం ఉండదు, కాదన్నవాళ్లు మాత్రం ఒడ్డు పొడుగునా ఉంటారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెద్దింటి పేర్లు. ఉత్తరాంధ్ర నీటికి అసలు పేరు గెడ్డ. గుంటూరు నుంచి వచ్చిన అల్లుడు మా ఊళ్లో మొదటిసారి ఈ మాట విని కంగారు పడ్డాడు. వాళ్ల వైపు గడ్డ అంటే నేల. ఇక్కడ గెడ్డ అంటే నీళ్లు. "గెడ్డొచ్చిందట, అవతలికెళ్లకు" అని మామగారు చెబితే, నేల ఎలా వస్తుందని ఆయన ఆలోచన. మిగతా చోట్ల వాగు, వంక అనే దాన్ని ఇక్కడ గెడ్డ అంటారు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ, గుమ్మిడిగెడ్డ, ఓనిగెడ్డ, రెల్లిగెడ్డ, కందివలస గెడ్డ. ఈ పేర్లు పెట్టినవాళ్లకి పురాణం అక్కర్లేకపోయింది. పెద్దదా, ఎండేదా, ఏ ఊరి పక్కది అన్నదే వాళ్లకి కావాలి. వట్టిగెడ్డ పేరు పెట్టినవాడు మనకి ఒక జలశాస్త్ర నివేదిక రాసిచ్చి వెళ్లాడు. ఆ వట్టిగెడ్డ మీద జియ్యమ్మవలస మండలంలో ఇప్పుడు జలాశయం ఉంది. పేరు మాత్రం మారలేదు, అందుకు సంతోషం.

నదులకి సంస్కృతం పేర్లు, గెడ్డలకి తెలుగు పేర్లు ఉండడం యాదృచ్ఛికం కాదు. సముద్రం దాకా పోయే నీరు తీర్థమవుతుంది, గుడి పడుతుంది, పంతులు వస్తాడు, సంకల్పంలో చేరుతుంది. పొలం దాకా వచ్చి ఆగే నీరు రైతు నోట్లో ఉండిపోతుంది. అరసవల్లిని హర్షవల్లి చేసినట్టు, ఉద్దానాన్ని ఉద్యానవనం చేసినట్టు పేరుకి పట్టుబట్ట కట్టాలంటే ముందు దాని దగ్గరకి జాతర రావాలి.

గెడ్డలాగే మనకి బంద ఉంది, తంపర ఉంది, బీల ఉంది. ఊరి చిన్న చెరువు బంద. తీరం వెంట పల్లపు చిత్తడి నేల తంపర, ఒడియా వైపూ ఈ మాట ఉంది. సోంపేట దగ్గర ఏడాది పొడుగునా నీరు నిలిచే చిత్తడి బీల. ఈ మాటలకి మర్యాద దక్కకపోతే ఏమవుతుందో 2010లో చూశాం. బీల నేలని ప్రభుత్వం పనికిరాని భూమి కింద లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించింది. అందులో వరి పండించేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, దాని నీటిని ఎత్తిపోసుకునేవాళ్లు అడ్డం తిరిగారు. జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ సరిగ్గా అదే రోజు ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కాగితం మీద బంజరు, నోటి మీద బీల. ఈ రెండు మాటల మధ్య ప్రాణాలు పోయాయి. పేర్ల చర్చ పండితుల కాలక్షేపం అనుకునే మిత్రులకి నేనెప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

హద్దులు కూడా పేర్లతో ఆడుకున్నాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కొండలు అటు, మైదానాలు ఇటు పోయాయి. ఏరు పుట్టేది ఒకరి ఇంట, పారేది మరొకరి ఇంట అయింది. వంశధార నీటిని చెరి సగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలూ 1962లోనే ఒప్పుకున్నాయి. గొట్టా దగ్గర 115 టీఎంసీలు అని లెక్క, చెరి 57.5. నేరడి బ్యారేజీకి ఒడిశా వైపు 106 ఎకరాల దగ్గర పేచీ పడి, 2010లో వేసిన ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పినా నీరు ఇంకా కాగితాల మీదే పారుతోంది. ఝంఝావతి మీద మామూలు ఆనకట్ట తలుపులు మూస్తే ఒడిశా ఊళ్లు మునుగుతాయని తగువొస్తే, 2006లో రబ్బరు డ్యామ్ కట్టారు. ఝంఝ అంటే గాలివాన. ఆ పేరు గల నదిని గాలి నింపిన రబ్బరు తిత్తితో ఆపాల్సి రావడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఆధునిక యుగంలో నామకరణం జలవనరుల శాఖ చేతికి వచ్చింది. తోటపల్లి బ్యారేజీకి సర్దార్ గౌతు లచ్చన్న పేరు, వంశధార ప్రాజెక్టుకి బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరు పెట్టారు. ఇద్దరూ ఆ గౌరవానికి తగినవాళ్లే. అయినా రైతు తోటపల్లి నీళ్లు అంటాడు, గొట్టా నీళ్లు అంటాడు. శిలాఫలకానికి పలుకుబడి ఉంది గాని పలుకు లేదు. అన్నిటికన్నా సుఖంగా తిరుగుతున్న పేరు నాగావళి ఎక్స్‌ప్రెస్‌ది. సంబల్‌పూర్ నుంచి నాందేడ్ పోయే ఆ రైలు రాయగడ నుంచి పార్వతీపురం దాకా ఏటి తోడుగా వచ్చి, బొబ్బిలి, విజయనగరం వైపు మళ్లిపోతుంది. నాగావళి ఒడ్డునున్న శ్రీకాకుళానికి మాత్రం రాదు.

చివరికి తుపాన్లు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ, 2021లో గులాబ్. మొదటిది ఒమన్ ఇచ్చిన పేరు, మిగతా రెండూ పాకిస్తాన్ ఇచ్చినవి. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయిన రైతుకి ఎవరో ఈ అర్థం చెబితే ఆయన ఏమీ అనలేదు, పడిన చెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఇక నా తీర్పు చెప్పేస్తాను. నాగావళా, లాంగుల్యా అన్న తగువులో నేను నాగలి పక్షం. వంశధారలో వెదురు పక్షం. మహేంద్రతనయలు ఇద్దరని పటాల్లో స్పష్టంగా రాయాలి. కానీ ఈ పెద్ద పేర్లకి ఇప్పట్లో వచ్చిన ప్రమాదమేమీ లేదు. గుళ్లున్నాయి, రైలుంది, ట్రిబ్యునల్ ఉంది. ప్రమాదం గెడ్డలకే. పైన లేఅవుట్ పడి, మిగిలిన పాయ డ్రైనేజీ కాలవ అయిన మర్నాడు దాని పేరు పోతుంది. పేరు పోయాక, ఇక్కడ నీటికి దారి ఉండేదని చెప్పడానికి సాక్ష్యం ఉండదు. 2020 డిసెంబర్‌లో మొదలుపెట్టిన భూముల రీసర్వే మీ ఊరికి వచ్చి ఉంటే, ఆ కొత్త పటం ఒకసారి అడిగి చూడండి. అందులో మీ గెడ్డ, మీ బంద, మీ తంపర పేర్లతో ఉన్నాయో లేదో సరిచూసుకోండి. లేకపోతే ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని ఎక్కడ పుడుతుంది, ఎవరి పొలాల్లోంచి వస్తుంది, ఎందులో కలుస్తుంది అన్నీ రాయించి, ఒక కాగితం సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.